కోడ్‌ ఇచ్చే ముందు.. ఒప్పందం చదవాలి!

* ఓపెన్‌ సోర్స్‌ ప్రాజెక్టులకు రాసిచ్చే కోడ్‌పై హక్కు ఎవరిది?
* బదలాయింపు వేరు.. అనుమతి వేరు.. హామీ వేరు
* ఉద్యోగులు, విద్యార్థులు గమనించవలసిన అంశాలివి

ఓపెన్‌ సోర్స్‌ ప్రాజెక్టుకు తొలిసారి కోడ్‌ పంపే విద్యార్థికి చాలా సందర్భాల్లో ముందుగా ఎదురయ్యేది ప్రోగ్రామింగ్‌ పరీక్ష కాదు, ఒక ఒప్పంద పత్రం. ‘అంగీకరిస్తున్నాను’ అని మీట నొక్కనిదే ఆ కోడ్‌ను తమ ప్రోగ్రాంలో కలుపుకోని ప్రాజెక్టులు అనేకం ఉన్నాయి. రెండు మూడు పుటల ఆంగ్ల పత్రాన్ని చదివే ఓపిక లేక, చదవకుండానే మీట నొక్కేవారికి కొదవ లేదు. ఆ ఒక్క నొక్కుతో తాము రాసిన కోడ్‌పై యాజమాన్యాన్నే వదులుకున్నారా, వాడుకొనేందుకు అనుమతి మాత్రమే ఇచ్చారా, లేక కోడ్‌ తమదేనని హామీ ఇచ్చి ఊరుకున్నారా అన్న సంగతి వారికి తెలియదు. ఈ మూడింటి ఫలితాలూ వేర్వేరు.

గూగుల్‌ సమ్మర్‌ ఆఫ్‌ కోడ్‌ వంటి కార్యక్రమం 2005లో మొదలైనప్పటి నుంచి మన దేశ విద్యార్థులకు ఈ రంగం చేరువైంది. హైదరాబాద్‌ మొదలుకొని జిల్లా కేంద్రాల్లోని ఇంజినీరింగ్‌ కళాశాలల వరకు ఓపెన్‌ సోర్స్‌ అనుభవాన్ని ఉద్యోగ దరఖాస్తులో రాసుకొనే యువతీ యువకులు ఉన్నారు. కోడ్‌ ఎలా పంపాలో చెప్పే పాఠాలు కోకొల్లలుగా దొరుకుతున్నా, పంపిన తరువాత దానిపై హక్కు ఎవరిదన్న ప్రశ్నను పట్టించుకొనేవారు తక్కువ.

చట్టం ఏమంటోంది?

భారత కాపీరైట్‌ చట్టం-1957 ప్రకారం కంప్యూటర్‌ ప్రోగ్రాం కూడా ‘సాహిత్య రచన’ కిందికే వస్తుంది. కథ రాసిన రచయితకు ఎలాంటి హక్కు ఉంటుందో, సొంతంగా ప్రోగ్రాం రాసిన వ్యక్తికీ అలాంటి హక్కే ఉంటుంది. అది రాసిన క్షణంలోనే సంక్రమిస్తుంది. దీనికి రిజిస్ట్రేషన్‌ తప్పనిసరి కాదు. రచయిత జీవితకాలం, ఆ పైన 60 సంవత్సరాలు ఆ హక్కు కొనసాగుతుంది.

కోడ్‌ను ఇంటర్నెట్‌లో అందరికీ కనిపించేలా ఉంచినంత మాత్రాన హక్కు పోదు. లైసెన్సు లేని కోడ్‌ను చూడవచ్చునే గాని, సాధారణంగా యజమాని అనుమతి లేకుండా నకలు చేయడానికి, మార్చి పంచడానికి వీలు లేదు. ‘ఓపెన్‌ సోర్స్‌’ అంటే యజమాని లేని ఆస్తి కాదు. యజమాని తన హక్కును ఆధారం చేసుకొనే, కొన్ని షరతులతో అందరికీ అనుమతి ఇచ్చిన ఆస్తి అది. అమెరికాలో జాకబ్‌సన్‌ వర్సెస్‌ కాట్జర్‌ వ్యాజ్యంలో 2008లో వెలువడిన అప్పీలు తీర్పు ఈ షరతులకు బలం చేకూర్చింది. ఓపెన్‌ సోర్స్‌ లైసెన్సు షరతులను ఉల్లంఘిస్తే అది కాపీరైట్‌ ఉల్లంఘన కాగలదని ఆ తీర్పు స్పష్టం చేసింది.

పత్రాలు మూడు రకాలు

ప్రాజెక్టులు అడిగే పత్రాలను స్థూలంగా మూడు రకాలుగా విభజించవచ్చు. భూమి వ్యవహారాలతో పోల్చి చూస్తే ఈ తేడా సులువుగా బోధపడుతుంది.

హక్కు బదలాయింపు: ఇది పొలాన్ని రాసిచ్చే దస్తావేజు వంటిది. కోడ్‌పై యాజమాన్యం రాసిన వ్యక్తి నుంచి సంస్థకు మారుతుంది. ఆ తరువాత లైసెన్సు మార్చాలన్నా, ఉల్లంఘించిన వారిపై దావా వేయాలన్నా అధికారం సంస్థదే.

లైసెన్సు ఒప్పందం: దీనిని సీఎల్‌ఏ అని వ్యవహరిస్తారు. పొలం రైతు పేరనే ఉంటుంది. బావి నీరు వాడుకొనేందుకు పొరుగువారికి అనుమతి ఇచ్చినట్లు. కోడ్‌పై యాజమాన్యం రాసిన వ్యక్తి వద్దనే ఉంటుంది. అపాచీ సాఫ్ట్‌వేర్‌ ఫౌండేషన్‌, గూగుల్‌ ప్రాజెక్టుల పత్రాలు ఈ కోవలోనివే. అయితే ఇచ్చే అనుమతి చాలా విస్తృతంగా ఉంటుంది. కోడ్‌ను ఇతరులకు తిరిగి లైసెన్సు చేసే అధికారం, ఆ కోడ్‌కు సంబంధించి రచయితకు ఉన్న పేటెంట్లను వాడుకొనే అనుమతి కూడా అందులో చేరి ఉంటాయి.

హామీ పత్రం: దీని పేరు డీసీఓ. ‘ఈ కోడ్‌ను ఇచ్చే హక్కు నాకు ఉంది. ప్రాజెక్టు లైసెన్సు కిందనే ఇస్తున్నాను’ అని ధ్రువీకరించడమే ఇందులోని సారాంశం. రెవెన్యూ కార్యాలయంలో ఇచ్చే ప్రమాణ పత్రం వంటిదన్నమాట. దీనితో యాజమాన్యం మారదు. అదనపు అనుమతి ఏదీ వెళ్లదు.

ఇవేవీ అడగని ప్రాజెక్టులూ లెక్కకు మిక్కిలిగా ఉన్నాయి. ప్రాజెక్టు ఏ లైసెన్సుతో వెలువడుతుందో, వచ్చే కోడ్‌ కూడా అదే లైసెన్సుతో వచ్చినట్లు వాటిలో భావిస్తారు. లైసెన్సు ప్రకటించి ఉన్న ప్రాజెక్టులకు పంపే కోడ్‌ అదే లైసెన్సు కిందకు వస్తుందని గిట్‌హబ్‌ వినియోగ నిబంధనల్లోనే ఉంది. ప్రాజెక్టుతో వేరే ఒప్పందం ఉంటే మాత్రం ఆ ఒప్పందమే చెల్లుతుంది.

యాజమాన్యమే ఎందుకు అడుగుతారు?

రిచర్డ్‌ స్టాల్‌మన్‌ 1985లో స్థాపించిన ఫ్రీ సాఫ్ట్‌వేర్‌ ఫౌండేషన్‌ తన గ్నూ ప్రాజెక్టులోని పలు ప్రధాన ప్రోగ్రాములకు హక్కు బదలాయింపు పద్ధతిని పాటిస్తూ వచ్చింది. జీపీఎల్‌ షరతులను ఉల్లంఘించిన వారిని న్యాయస్థానంలో నిలదీయాలంటే హక్కులన్నీ ఒకే చోట ఉండడం మేలన్నది ఆ సంస్థ వాదన. కోడ్‌ తీసుకున్నందుకు ప్రతిగా, దానిని స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌గానే పంచుతామని సంస్థ మాట ఇస్తుంది. రచయిత తన కోడ్‌ను తాను ఇతరత్రా వాడుకొనేందుకు తిరిగి అనుమతి కూడా ఇస్తుంది. ఈమాక్స్‌ ఎడిటర్‌కు సుమారు 15 వరుసలకు మించిన కోడ్‌ ఇవ్వదలచిన వారు నేటికీ ఈ పత్రంపై సంతకం చేయవలసిందే.

కాని అన్ని ప్రాజెక్టులూ అదే బాటలో కొనసాగలేదు. గ్నూ కుటుంబంలోనిదే అయిన జీసీసీ కంపైలర్‌ 2021 జూన్‌లో ఈ నిబంధనను సడలించింది. బదలాయింపు ఇష్టం లేనివారు హామీ పత్రంతో కోడ్‌ ఇవ్వవచ్చునని ప్రకటించింది. అదే ఏడాది ఆగస్టులో గ్నూ సీ లైబ్రరీ కూడా ఇదే మార్గం పట్టింది. జర్మనీ వంటి దేశాల్లో రచయిత హక్కును పూర్తిగా బదలాయించడానికి చట్టమే ఒప్పుకోదు. అందుకే ఐరోపాలోని ఫ్రీ సాఫ్ట్‌వేర్‌ ఫౌండేషన్‌ యూరప్‌, రచయిత తరఫున ధర్మకర్తగా వ్యవహరించే ప్రత్యేక లైసెన్సు ఒప్పందాన్ని రూపొందించింది. ధర్మకర్త స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌ సూత్రాలను తప్పితే ఇచ్చిన హక్కులు తిరిగి వెనక్కి వచ్చే ఏర్పాటు అందులో ఉంది.

ఉమ్మడి ఆస్తితో చిక్కు

హక్కులు ఎవరివి వారి వద్దనే ఉంటే మరో చిక్కు ఉంది. పదిమంది పేరున ఉన్న ఉమ్మడి ఆస్తిని అమ్మాలంటే పదిమందీ సంతకాలు చేయవలసి వచ్చినట్లే, వందలాది మంది రాసిన ప్రోగ్రాం లైసెన్సు మార్చాలంటే వారందరినీ వెతికి పట్టుకోవాలి. వీఎల్‌సీ మీడియా ప్లేయర్‌ విషయంలో ఇదే జరిగింది. జీపీఎల్‌ షరతులకు యాప్‌ స్టోర్‌ నిబంధనలు విరుద్ధమని డెవలపర్లలో ఒకరు అభ్యంతరం తెలపడంతో 2011 జనవరిలో ఆపిల్‌ స్టోర్‌ నుంచి ఆ ప్రోగ్రాంను తొలగించారు. తరువాత ప్రధాన భాగాన్ని ఎల్‌జీపీఎల్‌కు మార్చేందుకు కోడ్‌ రాసిన వారందరి అనుమతి కోసం నిర్వాహకులు ఒక్కొక్కరినీ సంప్రదించవలసి వచ్చింది. 2011, 2012 సంవత్సరాల్లో దశలవారీగా ఆ పని సాగింది. మొజిల్లా తన కోడ్‌ లైసెన్సులను మార్చడానికి 2001లో పూనుకొంటే అది కొలిక్కి వచ్చేసరికి 2006 అయింది.

లినక్స్‌ కెర్నల్‌ పరిస్థితీ అంతే. అందులో వేలాది మంది రాసిన కోడ్‌ ఉంది. హక్కులను ఏ ఒక్కరికీ బదలాయించలేదు. జీపీఎల్‌ మూడో వెర్షన్‌ 2007లో వచ్చినా కెర్నల్‌ రెండో వెర్షన్‌లోనే ఉండిపోయింది. లైనస్‌ టోర్వాల్డ్స్‌కు మూడో వెర్షన్‌ నచ్చకపోవడం ఒక కారణం. ఆయన కోరుకున్నా అంతమంది అనుమతి సంపాదించడం దాదాపు అసాధ్యం కావడం మరొకటి. ఈ అసాధ్యమే రక్షణ కూడా. కెర్నల్‌ను ఏ ఒక్క సంస్థా సొంతం చేసుకొని, లైసెన్సు మార్చి తాళం వేయలేదు.

అధికారం ఒకరి చేతిలో ఉంటే..

హక్కులు ఒకే సంస్థ వద్ద చేరితే లైసెన్సు మార్పు సులువవుతుంది. ఆ మార్పు కోడ్‌ రాసిచ్చిన వారికి నచ్చేలా ఉంటుందన్న భరోసా మాత్రం లేదు. టెర్రాఫామ్‌ అనే ప్రోగ్రాంను హాషికార్ప్‌ సంస్థ 2023 ఆగస్టులో మొజిల్లా పబ్లిక్‌ లైసెన్సు నుంచి వాణిజ్య పోటీదారులపై ఆంక్షలు గల బిజినెస్‌ సోర్స్‌ లైసెన్సుకు మార్చింది. బయటివారు రాసిచ్చిన కోడ్‌కు ముందే సీఎల్‌ఏ తీసుకొని ఉండడంతో వారిని మళ్లీ అడగవలసిన అవసరం రాలేదు. అసంతృప్తి చెందిన వర్గాలు పాత కోడ్‌ను తీసుకొని ఓపెన్‌టోఫు పేరుతో వేరు కుంపటి పెట్టాయి. ఇలాస్టిక్‌ సంస్థ కూడా 2021లో ఇలాస్టిక్‌సెర్చ్‌ను అపాచీ లైసెన్సు నుంచి తప్పించింది. దానికి ప్రతిగా ఓపెన్‌సెర్చ్‌ పుట్టింది. ఇలాస్టిక్‌ 2024లో ఏజీపీఎల్‌ను ఒక ఐచ్ఛికంగా చేర్చింది.

ఇక్కడ రెండు విషయాలు గమనించాలి. ఒకటి, అప్పటివరకు ఓపెన్‌ సోర్స్‌ లైసెన్సుతో విడుదలైన కోడ్‌ను ఎవరూ వెనక్కి తీసుకోలేదు. కొత్త వెర్షన్లకే కొత్త షరతులు వర్తించాయి. రెండు, సీఎల్‌ఏ లేకపోయినా బీఎస్‌డీ వంటి ఉదారమైన లైసెన్సు ఉన్నచోట ఇలాంటి మార్పు సాధ్యమే. రెడిస్‌ సంస్థ 2024 మార్చిలో బీఎస్‌డీ లైసెన్సును వీడింది ఆ వెసులుబాటుతోనే. అప్పుడు వాల్కీ అనే ప్రత్యామ్నాయం వెలిసింది. 2025లో రెడిస్‌ కూడా ఏజీపీఎల్‌ను ఒక ఐచ్ఛికంగా చేర్చింది. అందుచేత ఒప్పందాన్ని ఒక్కదాన్నే కాక, ప్రాజెక్టు లైసెన్సును, దానిని నడిపే సంస్థ స్వభావాన్ని కలిపి చూడవలసి ఉంటుంది.

హామీ పత్రం ఎలా పుట్టింది?

తమ యూనిక్స్‌ కోడ్‌ లినక్స్‌లో చేరిందంటూ ఎస్‌సీఓ సంస్థ 2003 మార్చిలో ఐబీఎంపై దావా వేసింది. ఏ వరుస ఎవరి నుంచి వచ్చిందో చెప్పగలగాలన్న అవసరం అప్పుడు తలెత్తింది. 2004లో లైనస్‌ టోర్వాల్డ్స్‌ డీసీఓ పద్ధతిని ప్రవేశపెట్టారు. నాటి నుంచి కెర్నల్‌కు పంపే ప్రతి మార్పు చివర ‘సైన్డ్‌-ఆఫ్‌-బై’ అనే వరుసలో పేరు, ఈ-మెయిల్‌ చిరునామా ఉండాలి. గిట్‌లో కమిట్‌ చేసేటప్పుడు ఒక్క అక్షరపు సూచనతో ఈ వరుస దానంతటదే చేరుతుంది. అంత తేలిక కావడం వల్లనే చాలామంది దానిని లాంఛనంగా భావిస్తారు. అది లాంఛనం కాదు. వేరొకరి కోడ్‌ను నకలు చేసి తమదని చెప్పినట్లయితే ఆ మాటకు బాధ్యత సంతకం చేసిన వ్యక్తిదే.

కృత్రిమ మేధ సాధనాలు రాసిపెట్టే కోడ్‌తో ఈ హామీకి కొత్త ప్రశ్న ఎదురైంది. అది ఎక్కడి నుంచి వచ్చిందో పంపేవారే చెప్పలేనప్పుడు హామీ ఎలా ఇస్తారన్నది ఆ ప్రశ్న. జెంటూ లినక్స్‌ 2024లో, క్యూఈఎంయూ ప్రాజెక్టు 2025లో అలాంటి కోడ్‌ను స్వీకరించరాదని నిర్ణయించాయి. మిగిలిన ప్రాజెక్టుల విధానాలు వేర్వేరుగా ఉన్నాయి. పంపే ముందు ఆయా నిబంధనలు చూసుకోవడం అవసరం.

‘శాశ్వతంగా’, ‘ప్రపంచమంతటా’ అని ఎందుకు రాస్తారు?

ఈ పత్రాల్లో ‘శాశ్వతంగా’, ‘ప్రపంచమంతటా’ అన్న మాటలు తరచుగా కనిపిస్తాయి. మన చట్టం చదివితే వాటి విలువ తెలుస్తుంది. కాపీరైట్‌ చట్టంలోని 19వ సెక్షన్‌ ప్రకారం బదలాయింపు లిఖితపూర్వకంగా, హక్కుదారు లేదా ఆయన అధీకృత ప్రతినిధి సంతకంతో ఉండాలి. ఏ రచన, ఏ హక్కులు, ఎంత కాలం, ఏ ప్రాంతంలో అన్నవి పేర్కొనాలి. కాలపరిమితి రాయకపోతే అయిదేళ్లుగా, ప్రాంతం రాయకపోతే భారతదేశానికే పరిమితంగా భావిస్తారు. బదలాయించుకున్నవారు ఏడాదిలోగా ఆ హక్కులను వినియోగించకపోతే, పత్రంలో వేరుగా రాసి ఉంటే తప్ప, బదలాయింపు రద్దవుతుంది. 30ఏ సెక్షన్‌ ద్వారా ఈ నిబంధనలు అవసరమైన మార్పులతో లైసెన్సులకూ వర్తిస్తాయి. అందువల్ల ఆ రెండు మాటలు పత్రానికి అలంకారాలు కావు. హక్కు ఎంత కాలం, ఎంత దూరం వెళ్తుందో నిర్ణయించేవి అవే.

యాజమాన్యం రాసిచ్చినా రచయితకు మిగిలే హక్కు ఒకటి ఉంది. రచన తనదేనని చెప్పుకొనే హక్కును 57వ సెక్షన్‌ కాపాడుతోంది.

ఉద్యోగులకు హెచ్చరిక

అన్నింటికన్నా ముఖ్యమైన చిక్కు ఉద్యోగులది. 17వ సెక్షన్‌ ప్రకారం ఉద్యోగి తన విధుల్లో భాగంగా రాసిన కోడ్‌కు, వేరే ఒప్పందం లేనప్పుడు, తొలి యజమాని అతడు పనిచేస్తున్న సంస్థే. అప్రెంటిస్‌లకూ ఇదే సూత్రం. అంటే హైదరాబాద్‌లోని ఒక కంపెనీలో పనిచేసే ఇంజినీరు కార్యాలయ పనిలో భాగంగా రాసిన మార్పును తన పేరుతో బయటి ప్రాజెక్టుకు రాసిస్తే, తనది కాని పొలాన్ని రిజిస్ట్రేషన్‌ చేసి ఇచ్చినట్లే. ఆ పత్రానికి విలువ ఉండదు సరికదా, కొలువుకూ ముప్పు రావచ్చు.

సెలవు రోజున సొంత కంప్యూటర్‌లో రాసినా సమస్య తీరిందనుకోరాదు. నియామక పత్రంలో మేధో సంపత్తి నిబంధన ఎంత విస్తృతంగా ఉందన్నదే కీలకం. ఉద్యోగ కాలంలో రాసినదంతా కంపెనీదేనని రాసుకొనే సంస్థలూ ఉంటాయి. ఫ్రీ సాఫ్ట్‌వేర్‌ ఫౌండేషన్‌ ఈ కారణంగానే అవసరమైన చోట యజమాని నుంచి ‘మాకు అభ్యంతరం లేదు’ అన్న పత్రం కోరుతుంది. కంపెనీ తరఫున సంతకం చేసేందుకు అపాచీ, గూగుల్‌ వద్ద విడిగా సంస్థాగత సీఎల్‌ఏలు ఉన్నాయి. పై అధికారి నోటిమాటగా ‘సరే’ అంటే చాలదు. ఈ-మెయిల్‌ రూపంలోనైనా లిఖితపూర్వక అనుమతి తీసుకోవాలి.

చదువుకొనే విద్యార్థి కళాశాలకు ఉద్యోగి కాడు. కనుక సొంతంగా రాసిన కోడ్‌ సాధారణంగా అతనిదే. అయితే ఇంటర్న్‌షిప్‌ ఒప్పందాలు, పరిశోధన నిధులు, విద్యాసంస్థ మేధో సంపత్తి విధానం దీనిని మార్చవచ్చు. ఇక ఇంటర్మీడియట్‌ చదివే కుర్రవాళ్లు మరో సంగతి గుర్తుంచుకోవాలి. భారత కాంట్రాక్టు చట్టం-1872 ప్రకారం 18 ఏళ్లు నిండనివారు చేసుకున్న ఒప్పందం చెల్లదు. ఇలాంటి వారి విషయంలో తల్లిదండ్రుల లేదా సంరక్షకుల సంతకం కావాలేమో ప్రాజెక్టును ముందే అడగడం మంచిది.

తెలుగు అనువాదాలకూ ఇదే దారి

కోడ్‌ రాసేవారికే ఈ జాగ్రత్తలు పరిమితం కాదు. ప్రోగ్రాముల్లోని మెనూలను, సహాయ పుటలను తెలుగులోకి తెచ్చేవారి అనువాదం కూడా రచనే. తెలుగులోనూ లభించే లిబ్రె ఆఫీస్‌ చరిత్ర ఇందుకు చక్కని పాఠం. దాని మాతృక అయిన ఓపెన్‌ ఆఫీస్‌కు కోడ్‌ ఇచ్చేవారు హక్కులను సన్‌ మైక్రోసిస్టమ్స్‌తో ఉమ్మడిగా పంచుకొనే ఒప్పందంపై సంతకం చేయవలసి వచ్చేది. 2010లో సన్‌ను ఒరాకిల్‌ కొనుగోలు చేయడంతో ఆ హక్కులన్నీ కొత్త యజమానికి చేరాయి. అదే ఏడాది సెప్టెంబరులో డెవలపర్లు విడిపోయి లిబ్రె ఆఫీస్‌ను ప్రారంభించారు. 2011లో ఒరాకిల్‌ పాత ప్రాజెక్టును అపాచీ సంస్థకు అప్పగించింది. కోడ్‌ రాసిచ్చిన వారెవరూ సన్‌ సంస్థ చేతులు మారుతుందని ఊహించి సంతకం చేసి ఉండరు.

ఆ అనుభవం తరువాత లిబ్రె ఆఫీస్‌ బదలాయింపు అడగడం లేదు. తమ కోడ్‌ను మొజిల్లా పబ్లిక్‌ లైసెన్సు రెండో వెర్షన్‌, ఎల్‌జీపీఎల్‌ మూడో వెర్షన్‌ల కింద ఇస్తున్నామని ఒక్క వాక్యం రాసి పంపితే సరిపోతుంది.

సంతకానికి ముందు అయిదు ప్రశ్నలు

* ఈ పత్రం యాజమాన్యాన్ని తీసుకుంటోందా, అనుమతి మాత్రమే అడుగుతోందా, హామీ కోరుతోందా? ‘అసైన్‌’ అన్న పదం ఉంటే బదలాయింపుగా, ‘గ్రాంట్‌’, ‘లైసెన్స్‌’ అన్న పదాలు మాత్రమే ఉంటే అనుమతిగా తొలి అంచనాకు రావచ్చు. నిర్ధారణకు మాత్రం పూర్తి పాఠం చదవాలి.

* కోడ్‌ను తీసుకొనేది లాభాపేక్ష లేని ఫౌండేషనా, వ్యాపార సంస్థా? సంస్థ చేతులు మారితే హక్కులూ మారతాయి.

* భవిష్యత్తులో ఓపెన్‌ సోర్స్‌ లైసెన్సుతోనే విడుదల చేస్తామన్న మాట పత్రంలో ఉందా? ఆ మాట లేకపోతే లైసెన్సు మారినప్పుడు ప్రశ్నించే ఆధారం ఉండదు.

* ఇప్పటి కోడ్‌కే వర్తిస్తుందా, ఇకపై పంపబోయే వాటన్నింటికీనా? ఒకసారి చేసిన సంతకం సంవత్సరాల తరబడి వర్తించే పత్రాలే ఎక్కువ.

* కోడ్‌ నిజంగా సంతకం చేసే వ్యక్తిదేనా? ఉద్యోగ, ఇంటర్న్‌షిప్‌ ఒప్పందాలు ముందుగా సరిచూసుకోవాలి.

ఎలక్ట్రానిక్‌ రూపంలో ఉందన్న ఒక్క కారణంతో ఒప్పందం చెల్లకుండా పోదని సమాచార సాంకేతిక చట్టం-2000లోని 10ఏ సెక్షన్‌ చెబుతోంది. మీట నొక్కడమే కదా అని తేలికగా తీసుకోవడానికి వీలు లేదు. అంగీకరించిన పత్రం ప్రతిని, తేదీని దాచుకోవాలి. అర్థం కాని నిబంధన ఉంటే ప్రాజెక్టు నిర్వాహకులను బహిరంగంగానే అడగవచ్చు. ఓపెన్‌ సోర్స్‌ సముదాయాల్లో అది తప్పుగా ఎవరూ భావించరు. ఉద్యోగ ఒప్పందంతో ముడిపడిన సందేహాలైతే న్యాయవాదిని సంప్రదించాకే ముందుకు వెళ్లడం శ్రేయస్కరం. హక్కులు రాసివ్వడం తప్పేమీ కాదు. ఏమి రాసిస్తున్నారో తెలిసి రాసివ్వాలి.